‘ఎందుకు మీరు వచ్చారు?’ అని అతిథిని అడగవచ్చా?

సందేహం: మా ఊరి కమ్యూనిటీ రేడియోలో అతిథులను ఇంటర్వ్యూ చేస్తుంటాను. ఒక కళాకారుణ్ణి ‘ఎందుకు మీరు నాటకాల్లోకి వచ్చారు?’ అని అడిగాను. అది తెలుగు వాక్యమే కాదని మా సీనియర్ ఒకరు కోప్పడ్డారు. తెలుగులో పదాలు అటూ ఇటూ మార్చినా అర్థం మారదు కదా, ఇందులో తప్పేముంది? అలాగే అతిథి మాట్లాడుతుంటే మధ్యమధ్య ‘ఊఁ’ అనవచ్చా?

సమాధానం: పదాలు కదిలినా వాక్యం నిలబడుతుంది, నిజమే. కానీ అవి కదిలినప్పుడల్లా ఊనిక మారుతుంది. మామూలుగా అడిగే ప్రశ్నలో ‘ఎందుకు’, ‘ఎలా’, ‘ఎప్పుడు’ వంటివి క్రియను అంటిపెట్టుకుని ఉంటాయి: ‘మీరు నాటకాల్లోకి ఎందుకు వచ్చారు?’ అదే ‘ఎందుకు’ను వాక్యం మొదటికి తెస్తే గొంతులో నిష్ఠూరం చేరుతుంది. ‘ఎందుకు నన్నిలా వేధిస్తావు?’ అని విసిగిపోయినప్పుడు అంటాం చూడండి, అలాగన్నమాట. మీరు ఆ ఉద్దేశంతో అడగలేదు, ఇంగ్లీషు వరస నోటికి అలవాటై అలా వచ్చేసింది. ఎదురుగా కూర్చున్న అతిథికి మీ చిరునవ్వు కనిపిస్తుంది. రేడియో దగ్గర కూర్చున్నవారికి మాత్రం వాక్యం, గొంతు తప్ప ఇంకేమీ అందవు. అందుకని, అది తెలుగు వాక్యమే కాదని నేననను గానీ, మీ సీనియర్ అభ్యంతరాన్ని సమర్థిస్తాను.

అయితే వరస సరిచేసినంత మాత్రాన సరిపోదు. గడపలోకి వచ్చిన మనిషిని ‘ఎందుకొచ్చారు?’ అని మనం అడగం. బయల్దేరేవాళ్లను ‘ఎక్కడికి?’ అనడానికి కూడా సంకోచించి ‘ఎందాకా?’ అనే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. అంత సున్నితం మన ప్రశ్నలది. ‘ఎందుకు’ అంటే అతిథి సంజాయిషీ ఇచ్చుకుంటాడు. ‘నాటకాల్లోకి ఎలా వచ్చారు?’ అంటే ఊరు, గురువు, మొదటి వేషం అన్నీ వాటంతటవే బయటికొస్తాయి.

ఇక వాక్యం చివర. తెలుగు ప్రశ్న ప్రాణమంతా అక్కడే ఉంది. ఒక ఉదాహరణ చెబుతాను. సంగారెడ్డి జిల్లా మాచునూరులో దళిత మహిళలే నడిపే సంగం రేడియో 2008 అక్టోబరు 15న మొదలైంది. ఆ చుట్టుపక్కల జొన్న, కొర్ర పండిస్తూ విత్తనాలు ఇంట్లోనే దాచుకునే అవ్వ ఒకామె మీ మైకు ముందు కూర్చుందనుకోండి. ‘అవ్వా, విత్తనాలు బూడిదల కలిపి దాస్తరు కదా?’ అన్నారా, ‘అవ్’ అని ఊరుకుంటుంది. ఆమె చెప్పాల్సింది మీరే చెప్పేశారు మరి. ‘దాస్తరా?’ అన్నా అంతే, అవునో కాదో తేలిపోతుంది. ‘బూడిదల కలిపి దాస్తరట!’ అని చూడండి. ‘ఉత్త బూడిదెనే కాదు బిడ్డా, యాపాకు గూడ ఏస్తం’ అని ఆమె అందుకుంటుంది. ‘ట’ అంటే విన్నమాట. నేను విన్నాను, నిజానిజాలు మీకే తెలియాలి అని పెద్దరికం అతిథికి అప్పగించడం. ప్రశ్నార్థకం లేకుండా ఇంత బాగా అడిగే వీలు మన భాషలో ఉన్నందుకు నాకెంతో సంతోషంగా ఉంటుంది. రేడియోలో దాన్ని వాడేవాళ్లు తగ్గిపోవడం బాధగానూ ఉంటుంది.

‘దాస్తరా?’ చివర ఉన్న ‘ఆ’ ప్రత్యయాన్ని మాత్రం తీసిపారేయకండి. క్రియకు తగిలిస్తే అవును–కాదు దగ్గర ఆగిపోయే ఆ అక్షరమే, అతిథి నోట వచ్చిన మాటకు తగిలిస్తే సంభాషణను ముందుకు తోస్తుంది. ‘పదహారో ఏట ఒక్కణ్ణే మద్రాసు వెళ్లాను’ అన్నారాయన. ‘ఒక్కరేనా వెళ్లింది?’ అనండి. ‘వెళ్లారు’ కాస్తా ‘వెళ్లింది’ అయిందంటే, మీ కుతూహలమంతా ‘ఒక్కరే’ మీద నిలిచిందని వినేవాళ్లకు తెలిసిపోతుంది. కాగితంలో రాసుకున్న తరవాతి ప్రశ్నకు దూకేవారికి ఇది చేతకాదు. అతిథి మాట వింటున్నవారికే వస్తుంది.

పనిలో పనిగా మరో సంగతి. ‘ముప్పై ఏళ్లుగా నాటకరంగంలో ఉంటూ, ఎన్నో పాత్రలు పోషించి, ఎందరికో శిక్షణ ఇచ్చిన మీరు...’ అని మొదలుపెడితే క్రియ వచ్చేసరికి శ్రోత తల తిరుగుతుంది. పుస్తకంలో అయితే వెనక్కి వెళ్లి చదువుకోవచ్చు, రేడియోలో ఆ వీలు లేదు. పరిచయం ఒక వాక్యంలో పూర్తిచేసి, ఊపిరి తీసుకుని, ప్రశ్న విడిగా అడగండి.

‘ఊఁ’ కొట్టడం అమర్యాద ఏమీ కాదు. కథ చెప్పేవారికి అదే ఊతం. చిక్కల్లా మైకుతోనే. అతిథి మాట మీద మీ ‘ఊఁ’ పడితే ఎడిటింగ్‌లో విడదీయడం కష్టం, ఇయర్‌ఫోన్స్‌లో వినేవారికి చిరాకు. స్టూడియోలో ఎదురెదురుగా ఉన్నప్పుడు తల ఊపితే చాలు. ఫోన్‌లో మాట్లాడుతుంటే మాత్రం, వాక్యానికీ వాక్యానికీ మధ్య చిన్న ‘ఊఁ’ వినిపించాల్సిందే. లేకపోతే లైన్ కట్టయిందనుకుని ‘హలో, హలో’ అంటారు.