నెలనెలా కట్టకుండా డిజైన్ పని: చిన్నీకి పిన్ని రాసేది

చిన్నీ,

అడోబీ డిజైన్ సాఫ్ట్‌వేర్ చందా ఈరోజే ఆపేస్తానని అక్కతో అన్నావట. ఆపెయ్, నేను వద్దనను. మారతహళ్లిలో పీజీ అద్దె కట్టుకుంటూ ఫ్రీలాన్స్ చేసేదానివి, పని లేని నెలలో కూడా ఆ డబ్బు కట్టడమేంటి? కాకపోతే రెండు పనులు చేశాక ఆపు.

ముందు నీది ఏ ప్లానో చూడు. అడోబీలో ఏడాది ఒప్పందం మీద నెలనెలా కట్టే ప్లాన్ ఒకటుంది, చాలామంది అదే తీసుకుని ఎప్పుడంటే అప్పుడు ఆపేయొచ్చనుకుంటారు; 14 రోజులు దాటాక మధ్యలో ఆపితే మిగిలిన నెలల సొమ్ములో సగం కట్టమంటారు. రెన్యువల్ తేదీ చూసుకుని ఆపడం మంచిది. ఆలోపే పాత ఫైళ్లన్నీ తెరిచి ఇలస్ట్రేటర్‌వి ఎస్‌విజి (వేరే యాప్‌లూ తెరిచే బొమ్మ ఫైలు), పీడీఎఫ్‌లుగా, ఇన్‌డిజైన్‌వి ఐడీఎమ్‌ఎల్‌గా (వేరే యాప్‌లోనూ తెరవగలిగే పేజీ ఫైలు) దాచుకో, లేకపోతే రేపు పాత క్లయింటు ఫోన్ నంబర్ ఒక్కటి మార్చమన్నా ఇబ్బందే. ఫొటోషాప్ ఫైళ్లకి టెన్షన్ అక్కర్లేదు. ఫొటోపీ అని బ్రౌజర్‌లోనే నడిచేది ఉంది, లేయర్లతో సహా తెరుస్తుంది, పక్కన యాడ్లు వస్తాయంతే.

ఇక అడోబీకి బదులు ఉచితంగా దొరికేవి: లోగోలకి ఇంక్‌స్కేప్, బొమ్మలు గీయడానికి క్రిటా, ఫొటోలకి గింప్. 2025లో వచ్చిన గింప్ 3.0లో ఎఫెక్ట్ వేశాక కూడా వెనక్కి వెళ్లి మార్చుకోవచ్చు, అంతకుముందు అది లేకే దాని జోలికి పోబుద్ధి అయ్యేది కాదు. అఫినిటీ అని ఇంకో డిజైన్ సాఫ్ట్‌వేర్ ఉంది, దాన్ని 2024లో కాన్వా వాళ్లు కొన్నారు, 2025 అక్టోబరు చివర్లో బొమ్మలకి, ఫొటోలకి, పేజీలకి విడిగా ఉన్న మూడు యాప్‌లూ కలిపి ఒక్కటిగా ఉచితం చేశారు. కాన్వా అకౌంటు కావాలి, ఏఐ టూల్స్‌కి మాత్రం డబ్బులు. విండోస్‌లో బాగుంటుంది, ఐడీఎమ్‌ఎల్ కూడా తెరుస్తుంది.

అయితే నువ్వు చేసేది తెలుగు వాళ్ల ఉగాది కరపత్రాలు, గృహప్రవేశం కార్డులు. కాబట్టి ఏది దించుకున్నా ముందు "జ్యోత్స్న", "స్త్రీ" అని టైప్ చేసి చూడు. పాత అఫినిటీల్లో ఒత్తులు విడివిడిగా పడేవి. ఇంక్‌స్కేప్‌లో ఆ బాధ లేదు. మా డీటీపీ రోజుల్లో పేజ్‌మేకర్, అను ఫాంట్లతో పడ్డ తిప్పలు నీకెందుకుగానీ, రామభద్ర, మండలి, సూరన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి, డబ్బులు తీసుకునే పనులకీ వాడుకోవచ్చు.

అసలు తంటా ప్రింటింగ్ దగ్గర. ఇంక్‌స్కేప్ ఇచ్చే పీడీఎఫ్ ఆర్‌జీబీలో, అంటే స్క్రీన్ రంగుల్లో ఉంటుంది. అది తీసుకెళ్లి సుల్తాన్‌పేట ప్రెస్సుల్లో ఇస్తే నల్ల అక్షరం నాలుగు రంగుల ప్లేట్ల మీదా పడుతుంది, ప్లేటు వెంట్రుకవాసి జరిగినా సన్నటి ఒత్తుల చుట్టూ ఎరుపు, నీలం నీడలొస్తాయి. పెళ్లివాళ్లు ప్రెస్సు వాణ్ణి కాదు, నిన్ను తిడతారు. అందుకని ఇంక్‌స్కేప్‌లో అక్షరాలని పాత్‌లుగా (ఫాంటుతో పనిలేని గీతలుగా) మార్చి, ఎస్‌విజిని పేజీలు కూర్చే స్క్రైబస్‌లోకి తీసుకో. అదీ ఉచితమే. అక్కడ రంగుల జాబితాలో ఫ్రమ్ఎస్‌విజి అని మొదలయ్యే పేర్లు కనిపిస్తాయి, నలుపు ఉన్నదాన్ని తెరిచి సీఎంవైకేకి, అంటే ప్రెస్సులో వాడే నాలుగు ఇంకుల లెక్కకి మార్చి కే (నలుపు) 100, మిగతా మూడూ సున్నా పెట్టు. ప్రింట్ ప్రివ్యూలో ఒక్కో ప్లేటూ విడిగా చూడొచ్చు, అక్షరాలు కే ప్లేటులో మాత్రమే ఉంటే సరి. చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు) వదిలి, ప్రింటింగ్ కోసమే ఉన్న పీడీఎఫ్/ఎక్స్ రకంగా ఇవ్వు. ప్రెస్సు వాడు కోరెల్‌డ్రా ఫైలే కావాలని గొణుగుతాడు, వాళ్ల అలవాటది, పీడీఎఫ్ చాలని గట్టిగా చెప్పు.

క్రాక్ వెర్షన్ పెన్‌డ్రైవ్‌లో వేసిస్తామనే వాళ్లు దొరుకుతారు, వద్దు. అందులో ఏ వైరస్ వస్తుందో తెలీదు, పైగా క్లయింట్ల ఫైళ్లున్న మిషన్ అది.

ఏదైనా కంపెనీ ఇలస్ట్రేటర్ ఫైలే ఇవ్వాలని పట్టుబడితే, ఒప్పందం లేని ఒక్క నెల ప్లాన్ తీసుకుని ఆ ఖర్చు కొటేషన్‌లోనే కలుపు. రేటు ఎక్కువే, కానీ కట్టేది వాళ్లు కదా. పని అయ్యాక ఆ నెలలోనే క్యాన్సిల్ కొట్టడం మర్చిపోకు.

మీ పిన్ని