పార పట్టిన కొడుకు, దిగులు పట్టిన తల్లి

గుంటూరు నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం సారాంశం ఇది. వారి అబ్బాయి విజయవాడలో హాస్టల్లో ఉండి సివిల్ ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. మూడు నెలలుగా ఆదివారాల్లో కొండపల్లి వైపు కొండబాటలు బాగుచేసే స్వచ్ఛంద బృందంతో వెళ్తున్నాడు. మొన్న ఇంటికి వచ్చినప్పుడు అరచేతుల్లో బొబ్బలు చూసి ఆమె కంగారు పడ్డారు. "పార పట్టడానికా వీణ్ణి ఇంజనీరింగులో చేర్పించింది? ఆ ఆదివారాలు డేటా సైన్స్ కోర్సుకు పెడితే మేలు కాదా? ఒక కన్సల్టెన్సీ వారేమో ఈ సేవకు సర్టిఫికెట్టు తెచ్చుకుంటే అమెరికాలో ఎం.ఎస్. సీటుకు పనికొస్తుందంటున్నారు. ఏది మంచిదో పోల్చి చెప్పండి" అని అడిగారు.

అమ్మా, ఈ ప్రశ్న నా దగ్గరకు ఏటా వస్తూనే ఉంటుంది. ఒక ఏడు తబలా పేరుతో వస్తుంది, ఒక ఏడు క్రికెట్ పేరుతో వస్తుంది, ఈసారి పార పట్టుకుని వచ్చింది. మన పిల్లవాడు ఇటు తిరుగుతుంటే పక్కింటి పిల్లవాడు ముందుకు వెళ్లిపోతాడేమోనన్న భయమే దీని అడుగున ఎప్పుడూ ఉంటుంది. మీ ఉత్తరంలో దానికి తోడు మీరు పైకి రాయని మరో మాట కూడా కనిపించింది: కొడుకు కూలిపని చేస్తున్నాడని చుట్టాలకు తెలిస్తే ఏమనుకుంటారో అని. నొచ్చుకోకండి. కోర్సు ఫీజు ఎంతో మీ ఉత్తరంలో రెండు చోట్ల ఉంది, అబ్బాయి ఆ కొండమీద ఏం చేస్తున్నాడో ఒక్కచోట కూడా లేదు. మీరు అతణ్ణి అడగలేదని నాకు అర్థమైంది కనుక, నేనే చెబుతాను.

బాట బాగుచేయడమంటే ముళ్లకంప కొట్టి, అడ్డం వచ్చిన రాళ్లు పక్కకు నెట్టడమని చాలామంది అనుకుంటారు. అది అందులో సులువైన భాగం. కొండబాటను మనుషుల కాళ్లకన్నా నీరే ఎక్కువగా పాడుచేస్తుంది కాబట్టి, ఈ పనిలో తెలివంతా వాననీటిని బాటమీద నిలవనీయకుండా, బాట వెంట పారనీయకుండా, అడ్డంగా దాటించి లోయవైపు పంపించడంలోనే ఉంటుంది. అందుకోసం బాట బయటి అంచును లోపలి అంచుకన్నా కొద్దిగా దించుతారు. మీటరు వెడల్పు బాటకు అయిదు సెంటీమీటర్ల వాలు చాలు. బాట ఎక్కే వాలు, అది సాగే కొండచరియ వాలులో సగానికి మించకూడదన్నది ఈ పనిలో మొదట నేర్పే సూత్రాల్లో ఒకటి. మించితే నీరు దాటిపోవడం మాని బాటనే కాలువగా చేసుకుంటుంది. అలాంటి చోట్ల రాళ్లనో దుంగనో బాటకు ఏటవాలుగా పాతి నీటిని పక్కకు మళ్లిస్తారు. వాటి వెనుక ఒండ్రు పేరుకుంటే అవి పనిచేయవు కనుక, కొత్తగా చేరిన కుర్రవాళ్లకు మొదట అప్పగించేది సాధారణంగా ఆ ఒండ్రు తీసే పనే. మీ అబ్బాయి చేతుల్లోని బొబ్బలు బహుశా అక్కడివే. మలుపు తిరగడానికి బద్ధకించిన వారు నిటారుగా దిగి చేసిన అడ్డదారులను రాళ్లతో, కంపతో మూసివేయడం కూడా ఇందులో భాగం, ఎందుకంటే ఆ అడ్డదారే రెండు వానాకాలాల్లో గండిగా మారుతుంది.

సివిల్ విద్యార్థికి సర్వేయింగు, నేలల శాస్త్రం, జలశాస్త్రం పాఠ్యపుస్తకంలో విడివిడిగా ఉంటాయి, ఆ బాటమీద ఒకే గజం నేలలో ఎదురవుతాయి. అదీగాక అబ్బాయి చదువుతున్న విజయవాడ కొండల కింద ఇళ్లు కట్టుకున్న ఊరు. 2020 అక్టోబరులో ఇంద్రకీలాద్రిపై కొండచరియ విరిగిపడింది. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో బండరాళ్లు ఇళ్లపై పడి ప్రాణాలు పోయాయి. అటువంటి చరియలను నిలబెట్టడం నిపుణుల పని, ఆదివారపు బృందాలది కాదు. కానీ వాననీరు కొండలోకి ఎక్కడ దిగుతుందో, మట్టిని ఎలా వదులు చేస్తుందో కళ్లతో చూసిన ఇంజనీరు ఒకడు ఈ ఊళ్లో తయారవుతుంటే మీరు అతణ్ణి ఆపాలని నేను ఎలా చెప్పను?

ఇక మీరు మేలనుకుంటున్న దారి సంగతి. డేటా సైన్స్ మంచి విద్యే. గణితం, గణాంకశాస్త్రం మీద ఇష్టమున్న పిల్లలు నిలకడగా చదివితే అందులో రాణిస్తారు. నా అనుమానం ఆ విద్యమీద కాదు, ఆరు నెలల వారాంతపు కోర్సులో అది చేతికి వస్తుందని చెప్పే ప్రకటనమీద. కొన్నేళ్ల క్రితం నేను కూడా సివిల్, మెకానికల్ విద్యార్థులను అటువంటి కోర్సులకు పంపించాను. వారిలో కొందరు నిలబడ్డారు. తక్కినవారు మూడో సంవత్సరానికి వచ్చేసరికి సొంత శాఖలో బీము లెక్క చేయలేక, ఇటు ప్రోగ్రాం రాయలేక, రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టు నా ఎదుట వచ్చి కూర్చున్నారు. అందరూ వెళ్తున్నారని చెప్పి పంపిన తప్పులో నాకూ వాటా ఉంది కనుక, ఇప్పుడు ఎవరైనా ఆ కోర్సు పేరెత్తితే ముందు అబ్బాయిని అడగమంటాను. మీ అబ్బాయి ఆ కోర్సు కావాలని మిమ్మల్ని ఎప్పుడైనా అడిగాడా?

కన్సల్టెన్సీ వారి మాటమీద నాకు ఇంకా ఎక్కువ అనుమానం ఉంది. అమెరికాలో డిగ్రీ స్థాయి ప్రవేశాలలో చదువుకు బయటి పనులను బాగానే పట్టించుకుంటారు. ఎం.ఎస్. ప్రవేశాలలో మాత్రం మార్కులు, చదువుకు సంబంధించిన ప్రాజెక్టులు, అధ్యాపకుల సిఫారసు లేఖలు, ఎందుకు చదవదలచాడో చెప్పే వ్యాసం ముఖ్యం. నీటి కోత గురించి అబ్బాయి స్వయంగా కొలిచి రాసిన నాలుగు పేజీలు ఆ వ్యాసానికి బలమిస్తాయేమో గాని, డబ్బు కట్టి తెచ్చుకున్న సేవా పత్రం ఇవ్వదు. అలాగని దీన్నే ఉద్యోగంగా కూడా ఊహించుకోకండి. 1937లో పూర్తయిన, సుమారు 3,500 కిలోమీటర్ల పొడవైన కాలిబాట అపలేచియన్ ట్రెయిల్‌ను సైతం అమెరికాలో ఎక్కువ భాగం స్వచ్ఛంద సేవకులే చూసుకుంటున్నారు. అబ్బాయికి అడవిమీద మనసు నిజంగా నిలిస్తే ఇండియన్ ఫారెస్ట్ సర్వీసు ఉంది. ఇంజనీరింగ్ పట్టాకు అందులో అర్హత ఉంది, పురుషులు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు నడిచే పరీక్ష కూడా ఉంది. అది రెండేళ్ల తరువాతి మాట.

మీరు భయపడవలసినవి వేరే ఉన్నాయి, వాటిని మీరు అడగలేదు. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా కొమ్మ కొట్టడం, నేల తవ్వడం నేరం. ఆ బృందానికి అటవీ శాఖ అనుమతి ఉందా, కోట దగ్గరైతే పురావస్తు శాఖకు తెలుసా అని అబ్బాయిని అడగండి. పనిముట్టును భుజాన వేసుకోకుండా లోయవైపు చేతిలో పట్టుకుని నడవడం, పని చేసేటప్పుడు మనిషికీ మనిషికీ పదడుగుల ఎడం పాటించడం, రాయి ఎత్తేముందు దాని కింద వట్టి చేయి పెట్టకపోవడం అక్కడ నేర్పారో లేదో తెలుసుకోండి. రక్తపింజర, తేలు మన కొండల్లో కొత్తేమీ కాదు. మన ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో ఈ పని వద్దు. భారీ వర్షం పడిన రోజుల్లో చరియల కిందికి అసలే వద్దు. నెలకు రెండు ఆదివారాలు చాలు, పరీక్షల నెలలో అవీ అక్కరలేదు. కళాశాలలో ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) విభాగం ఉంటే దాని ద్వారా వెళ్లమనండి; అక్కడ ఏటా 120 గంటల సేవ ఎలాగూ చేయాలి, అధ్యాపకుల కన్ను కూడా ఉంటుంది.

పోల్చి చెప్పమన్నారు, కానీ పోల్చడానికి ఈ రెండూ ఒకే తూకంలో కూర్చునేవి కావమ్మా. నెలకు రెండు ఆదివారాలు కొండకు పోయిన పిల్లవాడికి, కావాలనుకుంటే, కంప్యూటరు ముందు కూర్చోవడానికి మిగతా రోజులు మిగిలే ఉంటాయి. అతడు వెనకబడడు. ఆ కోర్సుకు ఇంకా డబ్బు కట్టకపోతే ఈ సెమిస్టరు ఫలితాలు వచ్చేదాకా ఆగండి. ఈలోగా అతడికి టీటీ ఇంజెక్షన్ వేయించి, మందపాటి చేతితొడుగులు, చీలమండ దాకా వచ్చే బూట్లు కొనివ్వండి. వచ్చే నెలలో ఒక ఆదివారం పొద్దున్నే మీరూ గుంటూరులో బస్సెక్కి వచ్చి, అతడు బాగుచేసిన ముక్క ఏదో చూపించమనండి.