తలదాచుకోవడం ఒక వాదమా?

సందేహం: నేను యానిమేషన్ విద్యార్థినిని. తల్లి చనిపోయాక ఒక అమ్మాయి తాను కత్తిరించుకున్న కాగితపు బొమ్మల లోకంలోకి వెళ్ళిపోవడం మీద ఎనిమిది నిమిషాల చిత్రం తీస్తున్నాను. ఇంట్లో జరిగేదంతా నీటిరంగుల్లో, ఆమె ఊహాలోకం కాగితపు కత్తిరింపులతో, తల్లి జ్ఞాపకాలు మట్టిబొమ్మలతో ఉంటాయి. పరిచయ వాక్యంగా "శోకం మరియు పలాయనవాదం ఇతివృత్తంగా రూపొందించబడిన మిశ్రమ మాధ్యమ యానిమేటెడ్ లఘుచిత్రం" అని రాశాను. తప్పేమీ కనిపించడం లేదు గాని, చదివినవాళ్ళంతా తెలుగులా లేదంటున్నారు. ఎక్కడ సరిచేయాలి?

సమాధానం: మీ వాక్యంలో వ్యాకరణ దోషం వెతికితే దొరకదు. మాటలన్నీ నిఘంటువుల్లో ఉన్నవే. అయినా చదివినవాళ్ళు ముఖం చిట్లించారంటే వాళ్ళ చెవి చక్కగా పనిచేస్తోందన్నమాట. "మరియు", "బడిన" గురించి ఈ శీర్షికలో ఎన్నిసార్లు రాశానో నాకే లెక్కలేదు, వాటిని మీరే తీసేయండి. అసలు చిక్కు "పలాయనవాదం" దగ్గర ఉంది. అక్కడినుంచే మొదలుపెడతాను.

"ఇజం"తో ముగిసే ప్రతి ఇంగ్లీషు మాటకూ "వాదం" తగిలించడం మనకు అలవాటైపోయింది. సామ్యవాదం, స్త్రీవాదం, హేతువాదం సరే. వాటి వెనుక ఒక ప్రతిపాదన ఉంది, దాని కోసం వాదించేవాళ్ళున్నారు. ఆల్కహాలిజం చివరా ఇజమే ఉంది, అయినా దాన్ని మద్యవాదం అనం, తాగుడు వ్యసనం అంటాం. మీ చిత్రంలోని అమ్మాయి అమ్మ లేని ఇంట్లో ఉండలేక కాగితాలూ కత్తెరా పట్టుకుని కూర్చుంది. ఆమె ఎవరితోనూ ఏమీ వాదించడం లేదు.

వాదాన్ని తీసేసి పలాయనం ఒక్కటే ఉంచుదామా అంటే, దానికీ ఒక మచ్చ ఉంది. "పరా" అనే ఉపసర్గ మీద "అయనం" చేరి, రకారం లకారమై పలాయనం అయింది. దీనికి పాణిని ప్రత్యేకంగా ఒక సూత్రమే చేశాడు. వెనుదిరిగి పోవడం అని దాని అర్థం. ఎక్కడినుంచి? ముఖ్యంగా యుద్ధంలోంచి. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయంలో క్షత్రియుడి సహజ గుణాలు చెబుతూ "యుద్ధే చాప్యపలాయనం" అన్నారు. పారిపోకపోవడం గుణమైనచోట పారిపోవడం పిరికితనమే. తెలుగులో ఆ నింద ఇంకా ముదిరింది. "పలాయనం చిత్తగించాడు" అంటాం. చిత్తగించడం రాజుగారి విషయంలో వాడే మర్యాద మాట. ప్రభువులవారు పారిపోవడానికి మనసుపడ్డారని వెక్కిరింపు! సాహిత్యంలోనూ అంతే. భావకవిత్వాన్ని తూలనాడటానికి అభ్యుదయ విమర్శకులు దూసిన కత్తుల్లో పలాయనవాదం ఒకటి. ఇంత నింద మోస్తున్న మాటను మీరు ఒక చిన్నపిల్ల నెత్తిన పెట్టారు. ఆమెను తప్పుపట్టడమే మీ చిత్రం ఉద్దేశమైతే ఆ మాట ఉంచండి. మీ ఉత్తరం చదివితే అలా అనిపించలేదు.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక పిట్టకథ. "పర" మీద అదే "అయనం" చేరితే పరాయణం అవుతుంది. పరమమైన ఆశ్రయం, చివరికి చేరే చోటు అని అర్థం. వదిలి పారిపోవడమూ, చేరి శరణు పొందడమూ ఒకే అయనంతో కట్టిన మాటలు. వ్యవహారంలో పరాయణం విడిగా వినబడదు కాబట్టి దాన్ని వాడమని చెప్పను.

ఇంగ్లీషు ఎస్కేప్ పుట్టుకా సరదాగానే ఉంటుంది. దాని లాటిన్ మూలానికి పై వస్త్రంలోంచి బయటపడటం అని అర్థం. పట్టుకున్నవాడి చేతిలో ఉత్తరీయం మిగిలింది, మనిషి జారిపోయాడు. తెలుగులో ఇందుకు ఎదురుగా నిలిచే మాట "తలదాచుకోవడం". అక్కడ కప్పుకున్నది వదిలేస్తే, ఇక్కడ కప్పు కోసం వెతుక్కుంటాం. వానలో చెట్టుకింద తలదాచుకుంటే పిరికివాడని ఎవరూ అనరు. వాన వెలిశాక ఆ చెట్టుకింద ఎవరూ నిలబడిపోరు. అది కొద్దిసేపటి మజిలీ అన్న సంగతి ఆ క్రియలోనే ఉంది. ఇంకా మెత్తని మాట కావాలంటే "మరిపించడం". ఏడుస్తున్న పిల్లను ఏదో చూపించి మరిపిస్తాం కదా. మరిపించే మనిషే పోయినప్పుడు ఆ పిల్ల తనను తానే మరిపించుకోవాలి. మీ కథలో జరుగుతున్నది అదే అనుకుంటాను.

ఇక శోకం. అలంకారశాస్త్రం చదివినవారికి ఇది పెద్ద మాట, కరుణరసానికి స్థాయీభావం, అంటే ఆ రసానికి పునాదిగా నిలిచే భావం. క్రౌంచపక్షి కోసం వాల్మీకి పడిన బాధ శ్లోకమైనప్పుడు "శోకః శ్లోకత్వమాగతః" అన్నారు. కానీ తెలుగు వాడుకలో శోకం లోపలినుంచి బయటికి వచ్చేసింది. "శోకాలు పెట్టడం" అంటే గట్టిగా రాగం తీస్తూ ఏడవడం. మీ అమ్మాయి ఎనిమిది నిమిషాల్లో ఒక్కసారీ ఏడవదని రాశారు. అలాంటప్పుడు శోకం ఆమెకు నప్పదు. విషాదం వాడదామంటే దాన్ని పత్రికలు పట్టుకుపోయాయి. "పెళ్ళింట విషాదం" అన్నప్పుడు అది మనసులోని భావం కాదు, జరిగిన సంఘటన. నాట్యశాస్త్రంలో విషాదం సంచారి, వచ్చిపోయే భావం. శోకం స్థాయి, నిలిచి ఉండేది. ఈ తేడాను నేటి వాడుక పూర్తిగా చెరిపేసింది. వగపు మంచి తెలుగే గాని, "వగచి లాభమేమిటి" లాంటి చోట్ల తప్ప క్రియగా కూడా వినబడటం తగ్గిపోయింది. పైగా అందులోని "వగ" ఒంటరిగా నిలబడితే వగలాడి గుర్తుకొస్తుంది. కడుపుకోత బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులది, తల్లిని పోగొట్టుకున్న బిడ్డకు చెల్లదు. మిగిలినవి దుఃఖం, బెంగ. నన్నడిగితే ఈ కథకు బెంగ సరిపోతుంది. పిల్లలు బెంగపెట్టుకుంటారు, అన్నం మానేస్తారు, జ్వరం తెచ్చుకుంటారు. ఏడవకుండా లోలోపల తినేసే బాధకు ఇంత చిన్న మాట ఇంకొకటి లేదు. అయితే బెంగ తిరిగి వచ్చే అవకాశం ఉన్నవాళ్ళ మీద కూడా ఉంటుంది కాబట్టి, మరణమని తెలియజెప్పే మాట వాక్యంలో మరోచోట ఉండాలి.

"మిశ్రమ మాధ్యమం" గురించి ఎక్కువ చెప్పను. చిత్రకారుల మధ్య అది చెల్లుతుంది. బయటివారికి మాధ్యమం అంటే బడిలో చదువు చెప్పే భాష, లేదంటే పత్రికలూ టీవీలూ. సగం ఇంగ్లీషులో సగం తెలుగులో తీశారనుకుంటారు. దేనితో చేశారో ఆ వస్తువుల పేర్లే చెప్పండి. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన, ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపినా, ఎనిమిది నిమిషాలకు 5,760 బొమ్మలు కావాలి. అన్ని బొమ్మలు చేసేవారు రెండు మూడు పేర్లు రాయడానికి బద్ధకించకూడదు. "యానిమేటెడ్" బదులు "యానిమేషన్" చాలు. తెలుగు అరువు తెచ్చుకున్న నామవాచకాన్ని సులువుగా కలుపుకుంటుంది, ఇలాంటి విశేషణాలతో తడబడుతుంది. ఇతివృత్తం అంటే కథా శరీరం, నాట్యశాస్త్రం దాన్ని శరీరమనే అంది. దుఃఖం ఇతివృత్తం కాలేదు. తల్లి పోయిన అమ్మాయికి ఏమైందన్నది ఇతివృత్తం.

మీ ఉత్తరం చివర ఇంకో వాక్యం రాశారు. ముగింపులో వినిపించే కథకుడి మాటగా "ఆమె తన దుఃఖాన్ని ప్రాసెస్ చేసుకుంది" అని ఉందని, దానికి తెలుగు కావాలని. "ప్రక్రియ", "పరిష్కరణ" లాంటివి అతికించి చూశారట కూడా. అవన్నీ పక్కన పెట్టండి. తెలుగువాడు దుఃఖాన్ని ఎప్పుడూ నీరుగానే చూశాడు. అది పొంగుతుంది, ముంచెత్తుతుంది, దాన్ని దిగమింగుకుంటాం. "కన్నీరు మున్నీరుగా" అన్నప్పుడు మున్నీరు ప్రాస కోసం వచ్చిన మాట కాదు, సముద్రమని దాని అర్థం. మరి నీటితో పోల్చిన బాధ నయం కావడానికి కూడా నీటి మాటే ఉండాలి కదా. ఉంది. అది "తేరుకోవడం".

బురదనీటిని కదపకుండా ఉంచితే మడ్డి అడుక్కు దిగి, పైన నీరు తేరుతుంది. తేరినది తేట. (రథమనే తేరు వేరు.) "తేరిపార చూడటం"లో ఉన్నదీ ఈ తేరే. మీరు నీటిరంగులు వేసేటప్పుడు పక్కన కుంచె కడుక్కునే గాజు గ్లాసు పెట్టుకుంటారు కదా. సాయంత్రానికి అందులో నీళ్ళు ఏ రంగో చెప్పలేనట్టుగా బూడిదరంగుకు తిరుగుతాయి. రాత్రంతా కదపకుండా వదిలేసి, పొద్దున్న వెలుతురుకు అడ్డంగా పెట్టి చూడండి. రంగులో చాలా భాగం అడుగున పలుచని పొరగా దిగి ఉంటుంది. ఎక్కడికీ పోలేదు. ఎవరైనా గ్లాసును కదిపితే మళ్ళీ పైకి లేస్తుంది. "కోలుకుంది" అంటే జబ్బు పూర్తిగా తగ్గినట్టు. "మరిచిపోయింది" అంటే అబద్ధం. "తేరుకుంది" అంటే అడుగున ఉన్నది అడుగునే ఉంది, పైనుంచి చూపు ఆనుతోంది అని. మీ కథకుడు ఈ ఒక్క మాట అని ఊరుకోవచ్చు.

ఇప్పుడు మీ పరిచయ వాక్యాన్ని ఇలా మార్చి చూడండి: "అమ్మ పోయిన బెంగతో కాగితపు బొమ్మల లోకంలో తలదాచుకున్న ఒక అమ్మాయి తేరుకున్న కథ. నీటిరంగులు, కాగితపు కత్తిరింపులు, మట్టిబొమ్మలతో తీసిన యానిమేషన్ లఘుచిత్రం." రెండు వాక్యాలయ్యాయి. కావాలనే అలా విడగొట్టాను.

ఒక చిన్న హెచ్చరిక. చిత్రం పేరులో దుఃఖం అనే మాట ఉంచాలనే అనుకుంటే, అక్షరాలు కూడా కాగితంతోనే కత్తిరిస్తానన్నారు గనుక చెబుతున్నాను, విసర్గ జాగ్రత్త. ఆ రెండు చుక్కలు "దు" పక్కనే ఉండాలి, దానితోపాటే కదలాలి. అవి జారిపోతే "దుఖం" మిగులుతుంది, ఆ మాట తెలుగులో లేదు. కొంచెం దూరంగా అతికితే పలికించే విసర్గ కాస్తా, సంభాషణ ముందు పెట్టే గుర్తులా కనిపిస్తుంది. ఆ చుక్కలను కాస్త పెద్దవిగానే కత్తిరించండి.