నాలుగో టైల్ ఇప్పుడే కొనకండి

నగరాన్ని కట్టే కంప్యూటర్ ఆట సిటీస్: స్కైలైన్స్‌లో మూడు టైళ్లూ (విడివిడిగా కొనే చదరపు నేల ముక్కలు) నిండిపోయాయని, జనాభా 25,000 దాటడం లేదని, నాలుగో టైల్ కొంటే నగరం మళ్లీ పెరుగుతుందా అని మీ నగరం చిత్రం పంపి మీరు అడిగారు. ఇప్పుడే కొనవద్దని నా సలహా. ఆరేళ్లుగా ఈ ఆటను పీసీలో మోడ్‌లు లేకుండా, అంటే ఇతరులు చేసి ఆటకు జతచేసే మార్పులు వాడకుండా, ఆడుతున్నాను. మనం స్థలం కొరత అనుకునేది చాలావరకు మన తొందరపాటు తెచ్చిపెట్టిన ఇబ్బందేనని నాకు గట్టి నమ్మకం.

ఆ నమ్మకం నా మూడో నగరం వల్ల కలిగింది. సంక్రాంతి సెలవుల్లో జనాభా ఒక స్థాయికి చేరి ఒక మైల్‌స్టోన్ దాటగానే నది అవతలి టైల్ కొన్నాను. ఖజానాలో డబ్బు ఉంది కదా అని ఆ సాయంత్రమే టైల్ అంతటా రోడ్లు వేసి, వాటి పొడవునా నివాస జోన్ (ఇళ్లు కట్టుకోనిచ్చే నేల) గుర్తించేశాను. ఇళ్లు వరుసగా లేచాయి, జనాభా 28,000కు చేరింది, నాకు చెప్పలేనంత ఆనందం కలిగింది. ఆటలో కొన్ని సంవత్సరాలు గడిచాక ఒక ఇంటి మీద మరణాన్ని సూచించే గుర్తు కనిపించింది. చూస్తుండగానే అదే గుర్తు ఆ వీధి మొత్తానికి, తర్వాత పక్క వీధులకు పాకింది.

కొత్త ఇళ్లలోకి వచ్చేవారు దాదాపు అందరూ ఒకే ఈడు యువకులు కావడం వల్ల, ఒకేసారి వచ్చినవారు ఒకేసారి ముసలివారై, ఒకేసారి చనిపోతారు. నా శ్మశానం నదికి ఇవతల ఉంది, వంతెన ఒక్కటే. శవవాహనాలన్నీ ఆ వంతెన మీద లారీల వెనుక బారులు తీరి నిలిచిపోయాయి. శవాన్ని సమయానికి తీసుకువెళ్లని ఇంటిని మిగిలినవారు వదిలి వెళ్లిపోతారు కాబట్టి జనాభా 17,000కు పడిపోయింది. పాడుబడిన ఇళ్లను నేను కూల్చగానే మళ్లీ అదే ఈడువారు వచ్చి చేరారు, అంతే కాలం గడిచాక రెండోసారి అదే విపత్తు వచ్చింది.

అప్పుడు కంగారుపడి మరో రెండు శ్మశానాలు కట్టడం నేను చేసిన ఇంకో పొరపాటు. శ్మశానాన్నయినా చెత్త డంపింగ్ యార్డునయినా ఖాళీ చేయనిదే కూల్చనివ్వరు. నది ఒడ్డున ఉన్న మంచి నేల అలా చాలాకాలం చేతికి రాకుండా పోయింది. దహనవాటిక చిన్నది, అందులో శవాలు నిల్వ ఉండవు. అందుకే ఇప్పుడు వంతెనకు అటొకటి, ఇటొకటి దహనవాటికలు కట్టనిదే అవతలి ఒడ్డున ఒక్క ఇంటికీ అనుమతి ఇవ్వను. జోన్ కూడా ఒకటి రెండు వీధులకే గుర్తించి, అవి నిండి కొంతకాలం గడిచాకే మూడో వీధికి వెళ్తాను.

ఇక మీరు చెప్పిన నిండిన టైళ్ల సంగతి. ఒక గడి 8 మీటర్లు, టైల్ ఒక్కో వైపు 240 గడులు, రోడ్డు నుంచి లోపలికి జోన్ 4 గడుల వరకే పడుతుంది. రెండు లేన్ల రోడ్డుకు 2 గడుల వెడల్పు కావాలి. కాబట్టి రోడ్ల మధ్య 8 గడులు వదిలితే నేలలో ఐదో వంతు రోడ్ల కింద పోతుంది, 4 గడులు వదిలితే మూడో వంతు పోతుంది. 10 గడులు వదిలితే మధ్యలో 2 గడులు ఎందుకూ పనికిరావు. మీ చిత్రంలో పాత పేట వీధులు మరీ దగ్గరగా ఉన్నాయి, ముందు వాటిని సరిచేయండి. ఆరు లేన్ల రోడ్డుకు 4 గడులు కావాలి కాబట్టి, తర్వాత వెడల్పు చేస్తే పక్క భవనాలు కూలిపోతాయి. ప్రధాన రహదారి ఎటు వెళ్తుందో మొదటి రోజే నిర్ణయించుకుని, దాని పక్క నేలను ఖాళీగా వదిలివేయడం మేలు.

అపరిమిత ధనం పెట్టుకుని, మ్యాప్ అంతా తెరిచే 81 టైళ్ల మోడ్ వేసుకుని గంటలో మహానగరం కట్టే వీడియోలు కొత్తవారికి చాలా హాని చేస్తున్నాయి. వాటిలో ఎవరూ ఎదురుచూడరు, దేనికీ డబ్బు చాలక ఆగరు. అవి చూసినవారు తమ నగరం నెమ్మదిగా పెరిగితే తామేదో తప్పు చేశామని బాధపడుతున్నారు. ఆ నెమ్మదిలోనే ప్రతి వీధి మనకు గుర్తుండిపోతుందని వారికి ఎవరైనా చెప్పాలి.

మోడ్ లేకుండా ఆడితే మ్యాప్‌లోని కొనడానికి ఎంచుకోగల 25 టైళ్లలో 9 మాత్రమే మనవి. కాబట్టి నాలుగోది హైవే మీకు రెండో దారి ఇచ్చే వైపునే ఉండాలి, నది అందంగా ఉందని అటు వెళ్లవద్దు. నా ప్రస్తుత నగరంలో 5 టైళ్లలో 70,000 మంది ఉన్నారు. ఆరో టైల్‌కు డబ్బు ఎప్పటి నుంచో సిద్ధంగా ఉంది, కానీ రైల్వే స్టేషన్ వెనుక రెండు వీధులు ఇంకా నిండలేదు.