ముందు ఏనుగు తలలో దూరి చూడు

చెన్నై

చిరంజీవికి,

పిల్లల టీవీ కోసం, మనుషులు లోపల దూరి ఆడించే జంతువుల వేషాలకి నువ్వు రాసిన స్క్రిప్టు చదివాను. ఏనుగమ్మ, కాకిబావ, ఉడుత ముగ్గురికీ మూడు రకాల మాట కుదిరింది. అది నేర్పితే వచ్చేది కాదు కాబట్టి దాని జోలికి పోను. కానీ మొదటి పేజీలోనే ఏనుగమ్మ పాడుకుంటూ మేడ మెట్లు దిగి, జామకాయ తుంచి ఉడుత నోట్లో పెడుతుంది. చదవడానికి ముచ్చటగా ఉంది. వడపళని స్టూడియోల్లో ఏ షూటింగ్ ఫ్లోర్‌కి పట్టుకెళ్లినా మొదట కొట్టేసేది ఈ సీనే.

ఏనుగు కళ్లు అలంకారానికే. లోపలి మనిషి చూసేది నోటి దగ్గర బిగించిన నల్ల వలలోంచి. ఎదురుగా ఒక పట్టీ మేర కనిపిస్తుంది, అంతే. తన కాళ్లు తనకే కనపడవు, ఇక మెట్లెక్కడ? చేతులకేమో స్పాంజి కూరిన నాలుగు లావు వేళ్లు, వాటితో కాయ తుంచడం కుదరదు. ఉడుత నోరు ఫోమ్‌తో అతికించింది, అందులోకి ఏదీ పోదు. అందుకని చదును నేల మీదే నడిపించు. జామకాయను గుమ్మడికాయంత చేయించి, దానికీ అరచేతికీ వెల్క్రో పట్టీ వేయించు. తినాల్సి వచ్చినప్పుడు ఉడుత కెమెరాకి వీపు తిప్పాలి, కరకరమని చప్పుడు రావాలి, ఇటు తిరిగేసరికి చేతిలో తొడిమే మిగలాలి. నీ సీను కన్నా ఇదే ఎక్కువ నవ్విస్తుంది.

1969లో అమెరికాలో మొదలైన సెసమీ స్ట్రీట్‌లో బిగ్ బర్డ్ అనే ఎనిమిది అడుగుల పసుపు పక్షి ఉంది. లోపలి కళాకారుడు కుడి చెయ్యి నెత్తి మీదికెత్తి తలనీ ముక్కునీ ఆడిస్తాడు, ఎడమ చెయ్యి ఎడమ రెక్కలో ఉంటుంది. మరి కుడి రెక్క? దాన్ని సన్నటి దారంతో ఎడమ చేతికి కట్టారు. ఒకటి దిగితే రెండోది లేస్తుంది. బయట ఏం జరుగుతోందో ఛాతీకి కట్టుకున్న చిన్న టీవీలో చూసుకుంటాడు. ఇలాంటి పక్షికి ‘రెండు రెక్కలతో పళ్లెం పట్టుకుంది’ అని రాసిస్తే ఏమవుతుందో ఊహించుకో. 2006లో మన దేశంలో వచ్చిన గలీ గలీ సిమ్ సిమ్‌లోని బూంబా సింహం కూడా మనిషి నిలువునా తొడుక్కునేదే. అందుకే పాత్ర గుణం రాసుకునే ముందు కాస్ట్యూమర్ దగ్గరికెళ్లి తల బరువెంత, మోచెయ్యి ఎంత వంగుతుంది, మెడ ఎటు తిరుగుతుంది అని అడిగి రాసుకో.

మీ బడ్జెట్‌లో పెదవులు కదిలే తల రాదు. అప్పుడు మాట్లాడేదెవరో పిల్లలకెలా తెలుస్తుంది? మాట ఎవరిదో వాళ్లే కదలాలి, మిగతావాళ్లు బొమ్మల్లా నిలబడాలి. కాబట్టి డైలాగు ఆరేడు మాటలు దాటనివ్వకు, ఇద్దరిచేత ఒకేసారి మాట్లాడించకు. ‘కాకిబావా, ఇటు చూడు’ అని పిలుపుతో మొదలుపెడితే చూపు ఎటు పోవాలో పిల్లలకే తెలుస్తుంది.

ఇక పాట. గొంతులు ముందే రికార్డవుతాయి, సెట్‌లో వాటిని స్పీకర్లలో వేస్తారు. ఫోమ్, బొచ్చు వల్ల లోపలి మనిషికి సగమే వినపడుతుంది. పల్లవి ఎత్తుకునే ముందు నాలుగు తాళాలు, అంటే నాలుగు చప్పట్ల సేపు, ఖాళీగా పెట్టమని అడుగు, లేకపోతే ముగ్గురూ మూడు చోట్ల మొదలెడతారు.

నీ పల్లవిలో అసలు దెబ్బ మాత్రల దగ్గర, అంటే అక్షరం పలకడానికి పట్టే కాలం దగ్గర, తగిలింది. ‘మెల్లగ పడు’ అన్న చోట ట్యూన్ ‘ప’ మీద సాగుతుంది. సాగగానే ‘పడు’ కాస్తా ‘పాడు’ అయింది. ఉడుత జారిపడుతుంటే పాట పాడమన్నట్టుంది! హ్రస్వాన్ని సాగదీస్తే తెలుగులో మాటే మారిపోతుంది. పలు పాలు అవుతుంది, కలం కాలం అవుతుంది. పెద్దవాళ్లు సందర్భాన్ని బట్టి సర్దుకుంటారు గానీ, మాటలు ఇప్పుడిప్పుడే నేర్చే నాలుగేళ్ల పిల్ల ఎలా సర్దుకుంటుంది? ట్యూన్ ముందొస్తే లాలల్లో పాడుకుని, సాగే స్వరం కింద గీత గీయి. ఆ గీతల మీద దీర్ఘాలే పడాలి. బాగా పైకెళ్లే చోట ‘ఆ’ ఉంటే గొంతు తెరుచుకుంటుంది, ‘ఈ’ ఉంటే కీచుమంటుంది.

నీకు తెలియకుండానే ఒక మేలు జరిగింది. ఏనుగమ్మ, జామకాయ, కాకిబావ, మూడూ ఆరేసి మాత్రలే. తాళానికి మూడు మాత్రలుండే తిస్ర నడకలో ఒక్కోటి రెండు తాళాల్లో ఒదిగిపోతుంది. పల్లవి మొత్తం ఆ నడకలోనే ఉంచు. నిమిషానికి వంద తాళాలనుకుంటే నాలుగు తాళాల ఒక చుట్టు, అంటే ఆవర్తనం, 2.4 సెకన్లు, ఎనిమిది ఆవర్తనాల పల్లవి 19 సెకన్లు చిల్లర. రెండు నిమిషాల పాటకి యాభై ఆవర్తనాలే దొరుకుతాయి. నువ్వు రాసిన నాలుగు చరణాలూ పట్టవు, రెండు తీసెయ్. ప్రతి పాదం తర్వాత రెండు తాళాలు వదిలితే ఇంట్లో పిల్లలు తిరిగి అనుకుంటారు. శ్రుతి సంగీత దర్శకుడు చూసుకుంటాడు గానీ, పిల్లలు కలిసి పాడే పాదాన్ని మాత్రం మధ్య స్థాయిలో స నుంచి ద లోపలే ఉంచమను.

నిడివి గురించి ఇంత పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉక్క. లైట్ల కింద ఆ తొడుగులో పదిహేను, ఇరవై నిమిషాలు గడిచాక తల తీసి గాలి పీల్చుకోవాలి, నీళ్లు తాగాలి. మే నెల కత్తెర ఎండల్లో అయితే ఇంకా ముందే. ఏనుగమ్మని ప్రతి షాట్‌లో నిలబెట్టకు. రెండో చరణం ఉడుతకీ పిల్లలకీ ఇవ్వు. పాదాలు, తోక దగ్గరగా చూపించే షాట్లు రాస్తే తల లేకుండానే తీసేస్తారు.

వానలో గంతులేసే సీను వద్దు. ఫోమ్ నీళ్లు పీల్చి బాగా బరువెక్కుతుంది, నవంబరులో చెన్నై చెమ్మకి రోజుల తరబడి ఆరదు, ఆ తర్వాత వాసన. నీలిగుడ్డ ఊపితే చాలు, అది వానే అని పిల్లలు ఒప్పుకుంటారు. దీపావళి భాగంలో ఏనుగు చేతికి కాకరపువ్వొత్తి ఇచ్చావు, దాన్ని ఇవాళే కొట్టెయ్. ఆ బొచ్చు సింథటిక్. నిప్పురవ్వ పడితే కరిగి అంటుకుంటుంది, లోపలి మనిషి తనంతట తాను జిప్పు తీసుకుని బయటపడలేడు. పుట్టినరోజు కేకు మీద కొవ్వొత్తి కూడా అంతే, బ్యాటరీదే పెట్టించు.

ఏనుగమ్మ పరుగున వచ్చి చంటిపిల్లని ఎత్తుకుంటుందని రాశావు. రెండు మూడేళ్ల పిల్లలు అంత పెద్ద తలని దగ్గరగా చూస్తే జడుసుకుని ఏడుస్తారు. దూరంగా కూర్చుని, వేరేవైపు చూస్తూ, తనలో తాను పాడుకోనీ. పిల్లలే దగ్గరికొచ్చి తొండం ముట్టుకుంటారు. ఆ షాట్‌కి రిహార్సల్ వద్దని స్క్రిప్టులోనే రాయి.

ఇంకొకటి. మూడో సీనులో ఉడుతని వెనక ఆనుడున్న కుర్చీలో కూర్చోబెట్టావు. తోక ఎటు పోతుంది? స్టూలు వేయించు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు