ఒక్క ద్రాక్షతో ఇన్నేళ్లా?

ప్రశ్న: ఎవరు ఏమడిగినా మీ జవాబు చివరికి పినో నువార్ దగ్గరికే వచ్చి ఆగుతుంది. పద్దెనిమిదేళ్లుగా ఆ ఒక్క ఎర్ర ద్రాక్షనే పట్టుకుని ఉన్నానని మీరే ఒకసారి రాశారు. నేను రెండెకరాల్లో తోట వేసి, చిన్నగా వైన్ చేయడం మొదలుపెడదామనుకుంటున్నాను. నాలుగైదు రకాలు వేసుకో, ఒకటి దెబ్బతింటే ఇంకోటి ఆదుకుంటుంది అని అందరూ చెబుతున్నారు. మీది నమ్మకమా, మొండితనమా? దాచకుండా చెప్పండి.

జవాబు: మొదట్లో రెండూ లేవు. మీకు చెప్పినవాళ్లే నాకూ చెప్పినట్టున్నారు, నేనూ మూడు రకాలు వేశాను. పినో నువార్, సిరా, కబెర్నే సావినియాన్. మాది చల్లటి కొండవాలు. మూడో ఏట తొలి పంట వచ్చింది. పినో ముందే పండి కూర్చుంది. సిరా కాస్త నసిగింది. కబెర్నే అయితే ఆకులు రాలే రోజులొచ్చినా పండలేదు. దాంతో చేసిన వైన్‌లో పచ్చి క్యాప్సికం వాసన. ఎండ చాలని చోట ఆ ద్రాక్షకు ఆ వాసన వస్తుందని పుస్తకంలో చదివే ఉన్నాను. అయినా మన తోటలో అలా జరగదులే అనుకున్నాను.

ఆరో ఏట ఆ రెండు రకాల తీగలనూ మోకాలి ఎత్తున కోసేసి, వేళ్లను అలాగే ఉంచి, ఆ మోళ్ల మీద పినో మొగ్గలు అంటు కట్టించాను. తీగ కొత్తదైనా వేరు పాతదే కాబట్టి రెండేళ్లకే మళ్లీ కాపు పట్టింది. ఇప్పుడు రెండెకరాలకు కాస్త తక్కువలో దాదాపు 2,900 తీగలున్నాయి, అన్నీ ఒకటే రకం. మంచి ఏడాది మూడున్నర టన్నుల పండు వస్తుంది. 228 లీటర్ల పీపాలు పది నిండుతాయి. ఒక్కో పీపాకు సుమారు 300 సీసాలు. నా వ్యాపారం మొత్తం అంతే.

ఇక అసలు సంగతి. ఈ పనిలో ఏడాదికి ఒక్కసారే పరీక్ష రాయనిస్తారు. వంట చెడితే రాత్రికి మళ్లీ వండుకోవచ్చు. వైన్ చెడితే వచ్చే ఏడు పండు పండేదాకా ఆగాలి. పద్దెనిమిదేళ్లు అని గొప్పగా చెప్పుకుంటాను గానీ, నేను చేసినవి పదహారు పంటలు. కాపు లేని మొదటి రెండేళ్లు లెక్కలోకి రావు. ఆ పదహారులో ఒక పంట చేతికి రాకుండానే పోయింది, అది తర్వాత చెబుతాను.

ఇన్ని తక్కువ అవకాశాల్లో నేర్చుకోవాలంటే దేన్ని దేంతో పోలుస్తున్నామో స్పష్టంగా ఉండాలి. మూడు రకాలున్నప్పుడు ఒక పీపా బాగుండి ఇంకోటి బాగా లేకపోతే కారణం తెలిసేది కాదు. ద్రాక్ష తేడానా, నేల తేడానా, నేను కోసిన రోజు తేడానా? ఇప్పుడు అలా కాదు. వాలు పైభాగంలో కోసింది రెండు పీపాలు, కింద నీరు నిలిచే బంకమట్టి వైపుది రెండు పీపాలు. ఒక తొట్టిలో గుత్తులు కాడలతో సహా వేస్తాను, పక్క తొట్టిలో కాడలు తీసేసి వేస్తాను. ఒక వరస మంగళవారం కోస్తే, పక్క వరస వానకు భయపడకుండా శనివారం దాకా ఉంచుతాను. ద్రాక్ష ఒకటే కాబట్టి తేడా కనబడితే అది దేనివల్ల వచ్చిందో చాలావరకు పట్టుకోగలుగుతున్నాను. కింది బంకమట్టిలో పండిన పండు కాడలతో వేస్తే చేదెక్కుతుందని, పైవాలు పండుకు అవే కాడలు మంచి వాసన ఇస్తాయని తేలడానికి నాకు ఏడు పంటలు పట్టింది. మూడు రకాలతో అయితే అది ఈ జన్మలో తేలేది కాదు.

ఇదేమీ నా తెలివి కాదు. ఫ్రాన్స్‌లోని బర్గండీలో మధ్యయుగాల నాటి సన్యాసుల మఠాల నుంచీ ఇదే పని. ఎరుపంటే అక్కడ ప్రధానంగా పినో నువారే. ద్రాక్ష మారదు కాబట్టి నేల మీదే చూపు నిలిచింది. ఈ గట్టుకు ఇటు ఒక రుచి, అటు ఒక రుచి అంటూ గీతలు గీసుకుంటూ పోయారు. అలా పేర్లు పెట్టుకున్న చిన్న చిన్న మడులు 1,247 ఉన్నాయి. 2015లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రొమానీ-కాంటీ అని అందరూ పేరు వినే మడి రెండు హెక్టార్లు కూడా ఉండదు.

అయితే ఆ భక్తికి ఒక చెడ్డ ముఖం కూడా ఉంది. 1395లో బర్గండీ ఏలిక ఫిలిప్, ఆయన్ని ధైర్యశాలి ఫిలిప్ అనేవాళ్లు, గామే అనే ద్రాక్షను పీకేయమని ఆజ్ఞ వేశాడు. గామే బాగా కాస్తుంది, ఎక్కువ సతాయించదు. అందుకే రైతులు దాన్ని వేసుకున్నారు. పినో పరువు పోతోందని ఏలికకు కోపం వచ్చింది. నన్నడిగితే ఆ గొడవలో నేను రైతుల పక్షమే. పీపాలు నింపుకుంటే తప్ప గడవనివాడికి పరువు గురించి పాఠం చెబితే ఎలా ఎక్కుతుంది? ఇంకో తమాషా ఉంది. 1999లో డీఎన్ఏ పరీక్షలు చేసి చూస్తే గామే పినోకు పుట్టిన బిడ్డే అని తేలింది, రెండో తల్లో తండ్రో గువే బ్లాన్ అనే నాసి రకం తెల్ల ద్రాక్ష. షార్డొనే కూడా ఆ జంట సంతానమే. అంటే ఏలికగారు పినో పరువు కాపాడటానికి పినో బిడ్డనే ఇంట్లోంచి గెంటారన్నమాట.

ఇప్పుడు నష్టం సంగతి. పినో మిగతావాటికంటే ముందే చిగురిస్తుంది. తొమ్మిదో ఏట వసంతంలో చిగుళ్లు వేలెడు పొడవున్నప్పుడు వరసగా రెండు రాత్రులు మంచు పడింది. మూడో రోజు పొద్దున తోటలోకి వెళితే చిగుళ్లన్నీ సిగరెట్ నుసిలా నల్లగా ఉన్నాయి. ముట్టుకుంటే రాలిపోయాయి. తీగకు ప్రతి కణుపు దగ్గరా అసలు మొగ్గ వెనక ఇంకో మొగ్గ దాగి ఉంటుంది, అది తర్వాత చిగురించింది గానీ దానికి కాపు తక్కువ. మిగిలిందాన్ని కోతకు పది రోజుల ముందు కురిసిన వానలు కుళ్లబెట్టాయి. పినో గుత్తి పైన్ చెట్టు కాయలా బిగుతుగా ఉంటుంది. పేరు కూడా ఆ పోలికతోనే వచ్చిందంటారు. లోపల ఒక పండు పగిలితే బూజు గుత్తంతా పాకుతుంది. ఆ ఏడు ఒక్క పీపా కూడా చేయలేదు. ఆలస్యంగా చిగురించే కబెర్నే ఉండి ఉంటే ఆ మంచును తప్పించుకునేది. మీవాళ్లు చెప్పిన మాట ఆ ఏడాదికి నూటికి నూరుపాళ్లు నిజం. అప్పు చేసి తీగలకు మందు కొట్టించాను. ఆ టెన్షన్‌లో మూడు నెలలు రాత్రిళ్లు నిద్ర లేదు.

మరి ఎందుకు మారలేదంటే, మరుసటి ఏడు వచ్చిన పండు. ఇంతకుమించి పెద్ద కారణం చెప్పలేను.

నన్ను చూసి మాత్రం పినో వేయకండి. మీ నేల మీద ఆఖరి మంచు ఎప్పుడు పడుతుంది, కోత నెలలో వాన ఎంత అని ముందు లెక్క రాసుకోండి. వాటికి తట్టుకునే మూడు నాలుగు రకాలు ఒక్కో వరస వేయండి. మూడు పంటలు చూసి, తోటలో మీ కాళ్లు తమంతట తాము ఏ వరస వైపు నడుస్తున్నాయో గమనించండి. తక్కినవాటికి అంటు కట్టొచ్చు. వేరు ఎక్కడికీ పోదు.

ప్రశ్న: స్నేహితులు ఇచ్చిన పినో నువార్ వైన్ పోసుకుంటే గ్లాసులోంచి అవతలి వేళ్లు కనబడుతున్నాయి. రెడ్ వైన్ అంటే చిక్కగా ఉండాలి కదా? నీళ్లు కలిపారేమో?

జవాబు: కలపలేదమ్మా. ఈసారి ఎర్ర ద్రాక్ష దొరికితే ఒక పండు తొక్క తీసి పిండి చూడండి. చాలా రకాలకు రసం తెల్లగానే ఉంటుంది. ఎరుపంతా తొక్కలోదే. అందుకే ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలో ఈ నల్ల ద్రాక్షతోనే తెల్లటి వైన్ కూడా తీస్తారు, తొక్కలతో నానకుండా వెంటనే రసం పిండేస్తారు. పినో తొక్క పలచన, రంగు పదార్థాలూ తక్కువే. పైగా మిగతా ఎర్ర ద్రాక్షల్లో రంగును నిలబెట్టే ఒక తరహా ఆంథోసయనిన్లు, అంటే రంగునిచ్చే పదార్థాలు, దీంట్లో దాదాపు ఉండవు. కాబట్టి ఎంత నానబెట్టినా సిరా ద్రాక్ష వైన్ అంత నలుపు రాదు. రంగుకూ మత్తుకూ కూడా సంబంధం లేదు, మీ వేళ్లు కనబడుతున్న ఆ గ్లాసులోనే 13 శాతం ఆల్కహాల్ ఉండొచ్చు.

ఈ విషయంలో నా బుద్ధి కూడా ఒకసారి గడ్డి తింది. నాలుగో ఏట, మా వైన్ చూసి నలుగురూ 'ఏంటిది, షర్బత్తా?' అంటుంటే తట్టుకోలేక మా తోటలోదే సిరా ద్రాక్ష వైన్ ఎనిమిది శాతం కలిపాను. రంగు అద్భుతంగా వచ్చింది. గ్లాసులో ముక్కు పెడితే మాత్రం మిరియాల వాసన, సిరా వాసన, అంతా అదే. ఎనిమిది పాళ్లు ఉన్నది మాట్లాడుతోంది, తొంభై రెండు పాళ్లు ఉన్నది మూలన కూర్చుంది. ఆ సీసాలు రెండు ఇప్పటికీ దాచాను. ఎవరైనా రంగు గురించి అడిగితే ఒకటి తీద్దామనుకుంటాను, మళ్లీ మనసు రాక ఆపేస్తాను.

ప్రశ్న: వందల ఏళ్ల నాటి ద్రాక్ష రకం ఇప్పటికీ అదే రకంగా ఎలా ఉంటుంది? గింజ నాటితే అదే మొక్క వస్తుందా?

జవాబు: రాదు. గింజ నాటితే వచ్చేది దాని సంతానం, అది కాదు. పిల్లలు తల్లిదండ్రుల్లా అచ్చు గుద్దినట్టు ఉండరు కదా, అలాగే. పినోను పినోగా ఉంచాలంటే దాని కొమ్మ నుంచే కొత్త మొక్క చేయడం ఒక్కటే దారి. 1860ల తర్వాత వేళ్లు తినే ఫిలోక్సెరా పురుగు యూరప్ తోటల్ని ఊడ్చేసింది కాబట్టి, ఇప్పుడు చాలా చోట్ల అమెరికా జాతి వేరు మీద ఈ కొమ్మను అంటు కడతారు. మా తోటలో 115 నంబరు క్లోన్ కొంత, 777 కొంత, పొమార్ అనేది కొంత ఉన్నాయి. మూడూ పినోలే. ఇవన్నీ ఎప్పుడో నచ్చిన తీగ నుంచి కోసుకుంటూ వచ్చిన కొమ్మలే.

అయినా మార్పు లేకుండా ఉండదు. పదకొండో ఏట కోత రోజుల్లో, పై నుంచి ఆరో వరసలో ఒక తీగకు నల్ల గుత్తుల మధ్య ఒకే ఒక్క కొమ్మకు బూడిద గులాబీ రంగు గుత్తులు కనిపించాయి. మందు పడి మాడిందేమో అనుకుని కొరికి చూశాను. పండు బాగానే ఉంది. అది పినో గ్రీ. నల్ల పినోలోనే కణాల పొర ఒకటి రంగు కోల్పోతే వచ్చే రకం. ఎవరూ నాటలేదు, తీగే తనకు తాను పుట్టించుకుంది.

డేవిడ్ లెట్ అని ఒకాయన 1965లో అమెరికాలోని ఒరెగాన్‌కు పినో మొక్కలు తీసుకెళ్లాడు. అక్కడ చలికి, వానకి ద్రాక్ష పండదని వద్దన్నారట. 1979లో పారిస్‌లో పెట్టిన పోటీలో ఆయన 1975 పంట వైన్ బర్గండీ వైన్ల మధ్య మొదటి పదింటిలో నిలిచింది. నమ్మలేక మరుసటి ఏడు మళ్లీ పోటీ పెడితే రెండో స్థానం. పినో నాన్న అని పిలిపించుకున్న ఆయన కూడా పినో గ్రీ వేశాడు. అందుకని ఆ ఆరో వరస కొమ్మ చూసినప్పుడు నేను మాట తప్పుతున్నట్టు అనిపించలేదు. ఆ కొమ్మకు ఎర్ర దారం కట్టాను. కత్తిరింపు అప్పుడు పనివాళ్లు చూడక కోసేస్తారేమోనని ఏటా ఆ ఒక్క తీగా నేనే కత్తిరిస్తాను.

ప్రశ్న: వైన్ ఎంత పాతదైతే అంత మంచిదంటారు. మీ వైన్ ఎన్నేళ్లు ఉంచాలి?

జవాబు: ప్రపంచంలో తయారయ్యే వైన్‌లో చాలా భాగం కొన్న ఒకటి రెండేళ్లలోనే తాగడానికి చేసింది. మాది నాలుగో ఏడు నుంచి ఎనిమిదో ఏడు దాకా బాగుంటుంది. చల్లగా, చీకట్లో, సీసా పడుకోబెట్టి ఉంచండి. పదో ఏట తీసిన ఒక సీసా తడిసిన ఆకుల వాసన వచ్చింది. నాకు నచ్చింది, మా ఇంట్లో ఇంకెవరికీ నచ్చలేదు.