సిప్ సంగతి తర్వాత, ముందు మే నెల హాస్టల్ ఫీజు సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 25. హైదరాబాద్‌లో చదువుల మీద పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థలో ప్రోగ్రామ్ అసిస్టెంట్‌ని. వికారాబాద్ జిల్లా సర్కారు బడుల్లో మా కార్యక్రమం. కన్సల్టెంట్ కింద నెలకు 28,000 ఇస్తారు, టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) పోను చేతికి 25,200. హాస్టల్‌కి 7,000, ఇంటికి 6,000, మిగతా ఖర్చులు 5,000. మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే సిప్ 2,000 కడుతున్నాను, ఇప్పటికి 26,000 అయింది. కిందటేడు మార్చి 31న కాంట్రాక్ట్ అయిపోయి కొత్తది జూన్ మధ్యలో ఇచ్చారు. ఆ గ్యాప్‌లో క్రెడిట్ కార్డు మీద 38,000, రెండు లోన్ యాప్‌లలో 35,000 అప్పయింది. లక్షన్నర పర్సనల్ లోన్ తీసుకుని ఇవన్నీ తీర్చేసి, మిగిలినదాంతో ఫీల్డ్‌కి తిరగడానికి స్కూటీ కొనుక్కుందామనుకుంటున్నాను. సిప్‌ని 3,000కి పెంచొచ్చా? ఏ ఫండ్ మంచిది?

జవాబు: ఫండ్ పేరు చెప్పను. ఈ వారమే ఆ సిప్ ఆపేయండి.

కోపం తెచ్చుకోకండి. మీ ఉత్తరం ఎంచుకున్నదే ఇందుకు. స్వచ్ఛంద సంస్థల్లో, విద్యా ప్రాజెక్టుల్లో కొత్తగా చేరినవాళ్లు నా దగ్గరికి వచ్చినప్పుడల్లా ఇదే తప్పు కనిపిస్తుంది. నెలనెలా డబ్బు పడుతోంది కదా అని దాన్ని జీతం అనుకుంటారు, జీతగాళ్ల లెక్కలే వేసుకుంటారు. మీది జీతం కాదు, ప్రాజెక్ట్ డబ్బు. దానికి వేసవి ఉంటుంది.

ఆ వేసవి ఎందుకొస్తుందో మీకు నాకంటే బాగా తెలియాలి, యూసీలు, అంటే ఇచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చూపే పత్రాలు, తయారు చేసేది మీరే కాబట్టి. కంపెనీలు సేవా కార్యక్రమాలకు ఇచ్చే సీఎస్ఆర్ డబ్బు ఏప్రిల్ నుంచి మార్చి లెక్కన నడుస్తుంది. పాత ఏడాది ఖర్చుల లెక్క వెళ్లాలి, కొత్త ఏడాదికి కంపెనీ బోర్డు ఒప్పుకోవాలి, ఒప్పందం మీద సంతకాలు కావాలి, ఆ తర్వాత గానీ మొదటి విడత రాదు. పైగా తెలంగాణలో ఏప్రిల్ చివర మూసిన బడులు మళ్లీ తెరిచేది జూన్ రెండో వారంలో. బడులే లేనప్పుడు స్టాఫ్ ఎందుకని పైవాళ్లకు అనిపించడం సహజం. మీ కొత్త కాంట్రాక్ట్ సరిగ్గా జూన్ మధ్యలో వచ్చింది చూడండి, అది యాదృచ్ఛికం కాదు. విదేశీ నిధులతో నడిచే సంస్థల్లో ఇంకో తలనొప్పి ఉంది. 2020లో విదేశీ విరాళాల చట్టం మార్చాక పాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు, అంతకుముందు 50 శాతం దాకా వీలుండేది. ఆఫీసులో కూర్చుని ఫైళ్లు, వోచర్లు, షెడ్యూళ్లు చూసే చిన్న పోస్టులు చాలాసార్లు ఈ పద్దులోకే వస్తాయి, డబ్బు తగ్గినప్పుడు ముందు కత్తెర పడేదీ వాటికే.

కాబట్టి కిందటేడు జరిగింది మళ్లీ జరగదని అనుకోకండి. ఇది ఫిబ్రవరి మొదటి వారం. మీకు ఇంకా వచ్చేది ఫిబ్రవరి కన్సల్టెంట్ ఫీజు, ఏప్రిల్‌లో చేతికొచ్చే మార్చి ఫీజు, అంతే. దాని తర్వాత మే, జూన్ నెలలు గడవాలి. సిప్ 3,000కి పెంచి, లోన్ తీసుకుని, స్కూటీ కొని మే నెలలోకి వెళితే ఈఎంఐ ఎవరు కడతారు? మూడో యాప్.

మీరు ఉత్తరంలో రాసిన ఆ యాప్‌ల లెక్క ఒకసారి చూద్దాం. మొదటిదాంట్లో 20,000 లోన్, 3,000 ముందే కోసుకుని 17,000 ఇచ్చారు, 30 రోజులకు 20,000 కట్టాలి. రెండోదాంట్లో 15,000కి 2,250 కోత. మీరు ప్రతి నెలా కట్టేసి వెంటనే మళ్లీ తీసుకుంటున్నారు, అంటే నెలకు 5,250 ఊరికే పోతోంది. మే నుంచి జనవరి దాకా తొమ్మిదిసార్లు తిప్పారు, 47,250 అయింది. మీ చేతికి అసలు వచ్చిందే 29,750. ఇంత కట్టాక కూడా 35,000 అప్పు అలాగే ఉంది. మన ఊళ్ల భాషలో నూటికి పదిహేడున్నర రూపాయల వడ్డీ ఇది. ఊళ్లో ఎవరైనా మూడు రూపాయల వడ్డీకి ఇస్తే రక్తం తాగుతున్నాడంటాం, ఫోన్‌లో రంగురంగుల బటన్ నొక్కేసరికి అది కనపడదు. 2020 డిసెంబరులో హైదరాబాద్‌లో ఈ యాప్‌ల వేధింపులు ఎంత దూరం వెళ్లాయో, పోలీసులు కాల్ సెంటర్ల మీద ఎలా పడ్డారో మీరు అప్పటికి కాలేజీలో ఉండి ఉంటారు, గుర్తుండే ఉంటుంది. మీ రెండు యాప్‌లూ రిజర్వ్ బ్యాంక్ వెబ్‌సైట్‌లోని జాబితాలో ఉన్నాయో లేవో చూడండి. లేకపోతే, లేదా కాంటాక్టులకు ఫోన్ చేస్తామని బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, సిగ్గుపడొద్దు.

నెలకు మీ ఖర్చు 18,000 పోను మిగలాల్సింది 7,200. సిప్‌కి 2,000, యాప్‌లకు 5,250, కార్డుకి మినిమం 1,900 కలిపితే 9,150. చాలని 1,950 మళ్లీ కార్డు మీదే పడుతోంది. కార్డు వడ్డీ నెలకు మూడున్నర శాతం, దాని మీద జీఎస్టీ, అంటే 1,900 కట్టినా అసలు తగ్గేది మూడొందల చిల్లరే. ఏడాదికి 42 శాతం అప్పు నెత్తిన పెట్టుకుని 12 శాతం వస్తుందేమోనని సిప్ కట్టడాన్ని నేను పొదుపు అనను.

ఇక పైన అచ్చు వెయ్యని భాగంలో, మీ ఉత్తరం చివర ఊరికే రాసినట్టు రాసిన రెండు మాటలు. ఫీల్డ్ ఖర్చుల బిల్లులు నవంబరు నుంచి 14,300 రావాలి అన్నారు, తులమున్నర గొలుసు ఉంది అన్నారు. నాకు ఉత్తరం మొత్తంలో అసలు సంగతి ఇక్కడే కనిపించింది.

మహాలక్ష్మి పథకం కింద పరిగి దాకా బస్సు ఫ్రీ, బాగానే ఉంది. బస్టాండ్ నుంచి బడికి ఆటో 80 రూపాయలు, ఆటోవాడు బిల్లివ్వడు, మీరు తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తే అకౌంట్స్‌లో అది పక్కన పడుతుంది. టీచర్ల ట్రైనింగ్ రోజు చార్టులు, జిరాక్స్‌లు, టీ, సమోసాలు అన్నీ మీ ఫోన్‌పే నుంచే. అంటే మీరు సంస్థకు వడ్డీ లేని చేబదులు ఇస్తూ, ఆ డబ్బు కోసం మీరు పదిహేడున్నర రూపాయల వడ్డీకి తెచ్చుకుంటున్నారు. ఇది సేవ కాదమ్మా, సంస్థ చెయ్యాల్సిన పని మీరు అప్పు చేసి చేస్తున్నారు. ఫీల్డ్‌కి వెళ్లేముందు అడ్వాన్స్ అడగండి. ఇవ్వకపోతే ట్రైనింగ్ సామాను ఆఫీసునే కొని పంపమనండి. కొత్తగా చేరినవాళ్లు ఇది అడగడానికి మొహమాటపడతారు, పదేళ్ల అనుభవమున్న మేనేజర్ మాత్రం అడ్వాన్స్ లేకుండా కదలడు, గమనించారా?

ఇప్పుడు చెయ్యాల్సింది. సిప్‌లో ఉన్న 26,000 తీసేయండి, ముందే తీసినందుకు ఎగ్జిట్ లోడ్ కింద కాస్త పోయినా ఫరవాలేదు. రావాల్సిన 14,300 గట్టిగా అడిగి తెచ్చుకోండి. 40,300తో రెండు యాప్‌లూ మూసేసి, బాకీ లేదని వాళ్ల నుంచి మెయిల్ తీసుకుని, ఫోన్‌లోంచి తీసేయండి. 5,300 మిగులుతుంది. గొలుసు బ్యాంకులో పెట్టి గోల్డ్ లోన్ తీసుకుంటే నూటికి రూపాయి లోపు వడ్డీకే 38,000 వస్తుంది, దాంతో కార్డు తీర్చేయండి. అమ్మ ఏమంటుందోనని ఆలోచించకండి, యాప్ వాళ్లు అమ్మకు ఫోన్ చెయ్యడం కన్నా ఇది మేలు.

ఇదంతా అయ్యాక అప్పు తీర్చే తొందర కూడా పెట్టుకోకండి. గోల్డ్ లోన్‌కి నెలకు మూడు నాలుగు వందల వడ్డీ కడుతూ, మిగిలే ప్రతి రూపాయీ అత్యవసర నిధికే. ఇప్పుడు చేతిలో ఉన్న జనవరి డబ్బులోంచి 7,200, ఫిబ్రవరి ఫీజులోంచి 7,200, మార్చి ఫీజులోంచి 7,200, పాత 5,300 కలిపితే, గోల్డ్ లోన్ వడ్డీ పోను మే మొదటికి దాదాపు 26,000 ఉంటుంది. ఇంటికి పంపే 6,000 ఆ రెండు నెలలు ఆపగలిగితే నెలకు 12,000 చొప్పున మే, జూన్ దాటేస్తారు. ఎక్కడా కొత్త అప్పు లేకుండా. ఈ మాట ఇంట్లో ఇప్పుడే చెప్పండి, మేలో చెబితే గొడవవుతుంది.

ఈ డబ్బు వేరే బ్యాంకు ఖాతాలో పెట్టండి, ఆ ఖాతాకి ఫోన్‌పే, గూగుల్‌పే తగిలించొద్దు. జీతగాళ్లకు మూడు నెలల ఖర్చు చాలంటాను, ప్రాజెక్ట్ మనిషికి నాలుగు నెలలది ఉండాలి. మీకు 72,000. అది నిండేదాకా సిప్ లేదు, స్కూటీ లేదు. చీటీ వెయ్యమని ఇంట్లో ఎవరైనా అంటే అదీ వద్దు, మేలో వాయిదా ఆగితే మాట పడాలి.

72,000 ఎక్కడి నుంచి వస్తుందంటారా? అందులో సగానికి పైగా మీ డబ్బే ప్రభుత్వం దగ్గరుంది. కన్సల్టెంట్లకు పది శాతం టీడీఎస్ కోస్తారు, మీకు పన్నే లేదు, కొత్త పద్ధతిలో 4 లక్షల దాకా సున్నా. మొదటి ఏడాది తొమ్మిది నెలల మీద 25,200 కోస్తే రిటర్న్ వెయ్యలేదన్నారు, "అది ఎక్కువ జీతమున్నవాళ్లకు కదా" అని. ఆ గడువు డిసెంబరు 31తో పోయింది. ఆలస్యాన్ని మన్నించమని అర్జీ పెట్టుకునే దారి ఉంది, ఒక ట్యాక్స్ ప్రాక్టీషనర్‌ని కలవండి. ఈ ఏడాది తొమ్మిదిన్నర నెలల మీద 26,600 కోత పడుతుంది, వివరాలు ఎక్కగానే జూన్‌లో రిటర్న్ వేసేయండి. ఆ రిఫండ్ వచ్చిన రోజు నేరుగా ఆ రెండో ఖాతాలోకే.

ఇన్సూరెన్స్: కన్సల్టెంట్‌కి ఈఎస్ఐ, పీఎఫ్ ఉండవు, సంస్థ మెడిక్లెయిమ్‌లో కూడా పేరుండదు. జూలై నుంచి 5 లక్షల సొంత హెల్త్ పాలసీ, ఇప్పుడు దాని ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. ఏడాదికి 436 రూపాయల జీవన జ్యోతి (ప్రాణానికి), 20 రూపాయల సురక్షా బీమా (ప్రమాదాలకు) మాత్రం ఈ రోజే. అమ్మానాన్నలకు ఆరోగ్యశ్రీ 10 లక్షల దాకా ఉంది, రేషన్ కార్డులో పేర్లు సరిచూసుకోండి. స్కూటీ వచ్చే ఏడాది.

పర్సనల్ లోన్ గురించి ఇంక అడగొద్దు. 73,000 అప్పుకి లక్షన్నర లోన్ ఎందుకో మీరే ఇంకోసారి చదువుకోండి. పే స్లిప్ లేని కన్సల్టెంట్‌కి మంచి బ్యాంకు ఇవ్వదు, ఇచ్చేవాళ్లు ఎవరో మీకు ఇప్పటికే తెలుసు.

కాంట్రాక్ట్ గురించి మార్చి 30న కాదు, ఈ నెలలోనే మీ మేనేజర్‌ని అడగండి. పాత గ్రాంట్‌లో డబ్బు మిగిలితే కొత్త డబ్బు లేకుండా గడువు మాత్రం పెంచే నో కాస్ట్ ఎక్స్‌టెన్షన్ అడుగుతున్నారా, అందులో మీ పోస్ట్ ఉందా అని. వెళ్లేటప్పుడు ఆ 14,300 బిల్లుల కట్ట కూడా తీసుకెళ్లండి. రంగు వెలిసిపోయే రసీదులు ఏవైనా ఉంటే ముందు జిరాక్స్ తీయించండి.